తొంభై ఆరు దాటని మావయ్య

మా మావయ్యకి ఏ సంగతైనా శాతాల్లో తప్ప చెప్పడం చేతకాదు. "భోంచేశావా మావయ్యా?" అని అడిగితే పొట్ట మీద చెయ్యి వేసుకుని కాసేపు ఆలోచించి, "డెబ్బై శాతం" అంటాడు. మధ్యలో ఎవరో పిలిస్తే లేచి వచ్చేశాడని మనం అర్థం చేసుకోవాలి. ఓసారి అత్తయ్య కొత్త బట్టలు వేసుకుని ఎలా ఉన్నానని అడిగితే, నాలుగు వైపులా తిరిగి చూసి ఎనభై రెండు అన్నాడు. మిగతా పద్దెనిమిది ఏమైందో చెప్పమని ఆవిడ మాటలు మానేసింది. దానికీ మావయ్య దగ్గర లెక్క ఉంది. "మొదటిరోజు మాట్లాడే అవకాశం మూడు శాతం ఉండేది. ఇవాళ నలభైకొచ్చింది. శుక్రవారానికి గట్టెక్కుతానక్కా" అని మా అమ్మకి చెప్పాడు. గురువారమే గట్టెక్కాడు. లెక్క ఒకరోజు తప్పిందని శుక్రవారమంతా దిగులుగా ఉన్నాడు.

ఈ శాతాలకి రెండు హద్దులున్నాయి. పైన తొంభై ఆరు, కింద మూడు. వంద అన్న మాటా, సున్నా అన్న మాటా ఆయన నోట ఎవరూ వినలేదు. జ్వరమొస్తే డాక్టరు, "భయం లేదు, నూటికి నూరుపాళ్లూ తగ్గిపోతుంది" అన్నాడట. మావయ్య మందుచీటీ బల్ల మీదే వదిలేసి ఇంకో డాక్టరు దగ్గరికి వెళ్లాడు. ఆ డాక్టరు పెదవి విరిచి "చూద్దాం" అన్నాడు. ఆయన మీద మావయ్యకి గొప్ప గురి కుదిరింది, జ్వరం కూడా తగ్గింది.

ఈ జబ్బు పుట్టుకతో వచ్చింది కాదు. మావయ్య పందొమ్మిదేళ్లు ఒక కాలేజీలో అడ్మిషన్ల గుమస్తాగా పనిచేశాడు. ఎడమచేతి వైపు "సీటు ఇవ్వడమైనది" అన్న ముద్ర, కుడిచేతి వైపు "సీటు ఇవ్వలేక విచారిస్తున్నాము" అన్న ముద్ర ఉండేవి. పందొమ్మిదేళ్లు విచారించీ విచారించీ ఆయన కుడిభుజం ఎడమదాని కంటే బొటనవేలంత కిందికి దిగింది. చొక్కా కుట్టే దర్జీకి ఆ సంగతి తెలుసు. అడ్మిషన్ల పద్ధతి గురించి ఆ భుజం కంటే నిజాయితీగల పుస్తకం నేనింతవరకూ చదవలేదు.

ఆ ఉద్యోగం వదిలేసి, ఆ దర్జీ కొట్టు మీదే ఒక గది తీసుకుని అప్లికేషన్లు నింపిపెట్టడం మొదలుపెట్టాడు. మెట్లు ఇరుకు, నిటారు. తండ్రులు పైకి చేరేసరికి రొప్పుతూ ఉంటారు. వాళ్లకి ఊపిరి అందేలోపే మావయ్య మొదటి శాతం చెప్పేస్తాడు. ఊపిరి అందాక చెబితే గొడవ పడే అవకాశం అరవై శాతమట.

మా దగ్గర అప్లికేషనంటే ఒకే కాగితం. అందులో కాలేజీ పేర్లు రాయడానికి ఎనిమిది గడులుంటాయి. రాసిన ప్రతి కాలేజీకీ ఒక కాపీ వెళుతుంది, ప్రతి కాలేజీ ఇస్తామనో ఇవ్వమనో విడిగా ఉత్తరం రాస్తుంది. తొమ్మిదో గడి లేదు, ఆ ఏడాదికి రెండో కాగితం లేదు. ఆ ఎనిమిది గడులూ నింపడంలో మావయ్య పద్ధతి ఆయనదే. మొదటి రెండూ ఆశ. అంటే ఇరవై శాతం లోపు. తరవాత మూడూ అంచనా, సగం అటూ సగం ఇటూ. ఆ తరవాత రెండూ ఆసరా, ఎనభై దాటినవి. ఎనిమిదోది మాత్రం ఖాళీగా ఉంచుతాడు. ఎందుకని అడిగితే "ఇంకా లెక్క తేలలేదు" అంటాడు.

అక్కడికొచ్చే తల్లిదండ్రుల్ని చూడాలి. ఒకాయన కొడుకుని పక్కన కూర్చోబెట్టుకుని "మేం లెక్కల్లో కొంచెం వీకండీ, సైన్సు బాగా చేశాం" అంటాడు. మార్కులొచ్చింది కుర్రాడికి, మాటలొచ్చింది తండ్రికి. ఇంకొకావిడ తన కూతురి మార్కులు చెప్పకుండా పక్కింటి పిల్ల మార్కులే చెబుతుంది. మూడో ఆయన ఎనిమిది గడుల్లోనూ గడియారం కాలేజీ పేరే రాయమంటాడు. గడియారం కాలేజీ అంటే మా అందరి లెక్కలో అన్నిటికంటే పెద్దది. దాని బురుజు మీద పెద్ద గడియారం ఉంటుంది. అది పదకొండేళ్లుగా నాలుగూ ఇరవై దగ్గరే ఉంది. అయినా దాన్ని చూసి గడియారాలు దిద్దుకునేవాళ్లున్నారు.

వీళ్లందరినీ ఇలా తయారుచేసింది కోచింగ్ సెంటర్లు. నాకు తెలుసు. నేను ప్రెస్సులో ప్రూఫులు దిద్దుతాను, ఆ పోస్టర్లన్నీ మా దగ్గరే అచ్చవుతాయి. ఒకే కుర్రాడి ఫోటో మూడు సెంటర్లకి మొదటి ర్యాంకుగా వేశాం. ఒకదాంట్లో వాడి కళ్లజోడు తీసేశాం, ఇంకోదాంట్లో మీసం పెట్టాం. "మా విజయశాతం వంద" అన్న వాక్యం నేను ఎన్నిసార్లు దిద్దానో చెప్పలేను. అందులో దిద్దడానికి అచ్చుతప్పు ఒక్కటీ ఉండదు.

నేను కాలేజీ మొహం చూడలేదు. అదీ మావయ్య కథలో భాగమే గనక చెబుతున్నాను. ఐదేళ్ల కిందట నా మార్కులు చూసి ఆయన, "గడియారం కాలేజీకి పదకొండు శాతంరా" అన్నాడు. సొంత మేనల్లుడినని ఒక్క అంకె కూడా కలపలేదు. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. ఆయన గడప తొక్కకుండా నా కాగితం నేనే నింపుకున్నాను. ఎనిమిది గడులూ ఆశే. ఎనిమిది కాలేజీలూ విచారించాయి. ఆ తరవాత మళ్లీ రాయమని అమ్మ బతిమాలింది, నేను రాయలేదు. దొరికిన పుస్తకమల్లా చదువుకుంటూ, కాలేజీలో చదివినవాళ్ల తప్పులు ప్రెస్సులో దిద్దుతూ బతుకుతున్నాను. మావయ్య కనిపించినప్పుడల్లా ఆ పదకొండు గుర్తుచేసేవాణ్ణి. ఆయన చెవి గోక్కుని వాన గురించి మాట్లాడేవాడు. "సాయంత్రానికి ముప్పై ఐదు శాతం. గొడుగు తెచ్చుకున్నావా?"

గమ్ము సంగతి చెప్పడం మరిచాను. మావయ్య దగ్గర అన్నీ ఉంటాయి, గమ్ము ఒక్కటే ఉండదు. కాగితం నింపడం అయిపోయి, తండ్రి సంతకం పెట్టేసి, ఇక పిల్లవాడి ఫోటో అతికించాలి అనే క్షణానికి సరిగ్గా గమ్ము అయిపోతుంది. తండ్రి వెళ్లి తేవాలి. ఎదురుగానే స్టేషనరీ కొట్టుంది, కానీ ఆ కొట్టు గమ్ము అంటుకునే అవకాశం నలభై శాతమేనట. కూడలి దాటి, పోస్టాఫీసు దాటి, కుడివైపు సందులో ఉన్న కొట్టు నుంచే తేవాలి. రానూ పోనూ ఇరవై నిమిషాలు. ఎంతెంత వాళ్లూ ఆ ఎండలో గమ్ముకోసం నడిచారు. ఒక జడ్జీగారు కూడా వెళ్లారు. "గమ్ము కొనుక్కోలేని మనిషి మన పిల్లల భవిష్యత్తు లెక్కలేస్తున్నాడు" అని ఊరంతా నవ్వేది. అందరికంటే గట్టిగా నవ్వింది నేనే.

ఈ ఏడు మా చెల్లి వంతొచ్చింది.

మా నాన్న బస్సు డిపోలో టైమ్‌కీపరు. ఆయన లోకమంతా నిమిషాల్లో నడుస్తుంది. చెల్లి పుట్టింది పదీ పన్నెండుకి, రెండు నిమిషాలు లేటు అంటాడు. ఆయన ఎనిమిది గడులకీ ఎనిమిది ఇంజినీరింగ్ కాలేజీలు ముందే ఒక టికెట్టు వెనకాల రాసి జేబులో పెట్టుకున్నాడు. చెల్లిని ఎవరూ ఏమీ అడగలేదు. దానికి ఇష్టమైన చదువేమిటో ఇంట్లో ఒక్క నాకే తెలుసు. ఎందుకంటే దాని పెన్సిల్ డబ్బా తెరిస్తే పెన్సిళ్లుండవు, రాళ్లుంటాయి. ఒక్కో రాయికీ కాగితం చుట్టి, ఎక్కడ దొరికిందో రాసి పెట్టుకుంటుంది. రాళ్ల గురించే చదవాలని, దానికో చదువుందని నాతో ఒకసారి అంది. నాన్నతో చెప్పమంటే ఆ డబ్బా మూసేసింది. అడగకుండా చెప్పే పిల్ల కాదది. అడిగేవాళ్లా, ఎవరూ లేరు. దాని మీద కూడా మావయ్య పదకొండు శాతం లాంటిదేదో పడేస్తాడని భయమేసి, ప్రెస్సులో ఒకపూట సెలవడిగి నేనూ వెంట వెళ్లాను.

మెట్లెక్కి నాన్న రొప్పుతుండగానే మావయ్య మార్కుల కాగితం చూసి, గడియారం కాలేజీకి తొమ్మిది శాతం అన్నాడు. నాన్న కుర్చీలో కూలబడి ఊపిరి వెతుక్కుని, తొమ్మిదంటే ఏమిటోయ్, ఇంట్లో పిల్లే కదా, కొంచెం చూసి చెప్పమన్నాడు. చూసే చెప్పానన్నాడు మావయ్య. నాన్న జేబులోని టికెట్టు తీశాడు. మావయ్య దాన్ని గౌరవంగా అందుకుని, అందులో ఆరు కాలేజీలు ఆశ కింద, ఒకటి అంచనా కింద వస్తాయనీ, ఎనిమిదోది కిందటేడే మూతపడిందనీ చెప్పాడు. గంటసేపు పోట్లాడుకున్నారు. బావ ఒక కాలేజీ అంటే బావమరిది ఒక అంకె అనేవాడు. ఏడు గడులు నిండాయి. మొదటి రెండూ గడియారం కాలేజీ, దాని చెల్లెల్లాంటి ఇంకోటి. తరవాత వంతెన కాలేజీ, మిల్లు కాలేజీ వగైరా. ఎనిమిదోది ఖాళీ.

"సంతకం పెట్టండి బావా" అన్నాడు మావయ్య.

"ఎనిమిదోదో?"

"లెక్క తేలలేదు. మీరు పెట్టండి, నేను చూసుకుంటాను."

నాన్న పెట్టాడు. సంతకం కింద టైము కూడా వేశాడు, పదకొండూ నలభై ఏడు. అది ఆయన అలవాటు. మావయ్య ఫోటో చేతిలోకి తీసుకుని, గమ్ము సీసా ఎత్తి, తలకిందులు చేసి, వెలుతురుకి పెట్టి చూశాడు.

"బావా, గమ్ము అయిపోయింది."

నాన్న కూడలి దాటి, పోస్టాఫీసు దాటి వెళ్లడానికి లేచాడు. మావయ్య నా వైపు తిరిగి, తోడు వెళ్లరాదా అన్నాడు. ఎండగా ఉంది, నేను రానన్నాను. "సరే, ఉండు" అని నిట్టూర్చి, నాన్న అడుగులు ఆఖరి మెట్టు దిగేదాకా వేళ్ల మీద లెక్కపెట్టాడు. తరవాత కుర్చీ చెల్లి వైపు జరుపుకున్నాడు.

"ఇప్పుడు చెప్పమ్మా. వచ్చిన దగ్గర్నుంచీ నా రాయి వంకే చూస్తున్నావు."

బల్ల మీద కాగితాలు ఎగరకుండా పెట్టే తెల్లరాయి ఒకటుంది. ఉద్యోగం వదిలిన రోజున కాలేజీవాళ్లు ఇచ్చిన బహుమతి. అది పాలరాయని వచ్చినవాళ్లందరికీ చూపిస్తుంటాడు.

"అది పాలరాయి కాదు మావయ్యా. పలుగురాయి" అంది చెల్లి. అంతసేపట్లో అదే మొదటిసారి అది నోరు తెరవడం.

"పాలరాయి అయ్యే అవకాశం ఎంత?"

"సున్నా."

మావయ్య వెనక్కి వాలిపోయాడు. అంతవరకూ ఆ గదిలో ఆ అంకె ఎవరూ పలకలేదు. చెల్లి ఆ రాయి తీసుకుని, బల్ల మీద పరిచిన అద్దం మీద కర్రున ఒక గీత గీసింది. పాలరాయి గాజు మీద గీత పెట్టలేదనీ, పలుగురాయి పెడుతుందనీ వివరించింది. తరవాత తను చేసిన పనేమిటో అర్థమై నాలిక్కరుచుకుంది. మావయ్య వేలితో ఆ గీతని ఈ చివర నుంచి ఆ చివరి దాకా తడిమాడు.

"ఇన్నేళ్లూ పాలరాయనుకుని బతికానే. ఇంకా చెప్పు."

చెల్లి చెప్పింది. రాళ్లు ఎలా పుడతాయో, ఎలా ముక్కలవుతాయో, కొండని చూసి దాని వయసెలా చెప్పొచ్చో. ఇంట్లో పదిహేడేళ్లలో అది మాట్లాడిన మాటలన్నీ కలిపినా అంత ఉండవు. మావయ్య మధ్యలో ఒక్క అంకె కూడా వెయ్యలేదు. అంతా విని, సిరా కలం తీసుకుని ఎనిమిదో గడిలో ఎర్రగోడల కాలేజీ అనీ, పక్కన భూగర్భశాస్త్రం అనీ రాశాడు. నీళ్లబొట్టు పడ్డా చెరగదట ఆ సిరా. ఆ తరవాత లేచి వెనకనున్న చెక్క బీరువా తలుపు తీశాడు.

లోపల నాలుగు అరల నిండా గమ్ము సీసాలు. మూత తియ్యనివి, వరసగా, కొత్తవీ పాతవీ. కొన్నిటిలో గమ్ము ఎండి బెల్లం రంగుకి తిరిగింది. జడ్జీగారు తెచ్చింది కూడా వాటిలో ఎక్కడో ఉండుంటుంది. ముందున్న సీసా తీసి, ఫోటో అంటించి, సీసా మళ్లీ లోపల పెట్టి, నేను దగ్గరికి రాకముందే తలుపు మూసేశాడు.

"మావయ్యా, ఇదంతా..."

"మీ నాన్న పోస్టాఫీసు దగ్గరుండే అవకాశం ఎనభై. కూర్చో."

నాన్న చెమటలు కక్కుతూ సీసా తెచ్చి బల్ల మీద పెట్టాడు. ఫోటో అప్పటికే అంటుకుని ఉంది. అడుగున కాస్త మిగిలిందని, దాంతోనే సరిపెట్టానని మావయ్య చెప్పాడు. నాన్న వాచీ చూసుకుని, తన ఇరవై రెండు నిమిషాలు వృథా అయ్యాయన్నాడు.

రెండు నెలలకి ఉత్తరాలొచ్చాయి. గడియారం కాలేజీ విచారించింది, దాని చెల్లెలూ విచారించింది, అంచనాల్లో ఒకటీ విచారించింది. వంతెన కాలేజీ, మిల్లు కాలేజీ, ఆసరా రెండూ సీటిస్తామన్నాయి. మావయ్య చెప్పిన శాతాలన్నీ సరిపోయాయి. చివరికి ఎర్రగోడల కాలేజీ నుంచి ఒక ఉత్తరం వచ్చింది. భూగర్భశాస్త్రంలో సీటిస్తాం, వారంలోగా తండ్రి సంతకంతో జవాబు పంపమని. నాన్న దాన్ని మూడుసార్లు చదివి, చెల్లిని చూసి, నన్ను చూసి, చొక్కా గుండీలు తప్పుగా పెట్టుకుని దర్జీ కొట్టు మెట్లెక్కాడు. మేమిద్దరం వెనకే. చెల్లి పెన్సిల్ డబ్బా గుండెకి అదుముకుని ఉంది.

"ఈ కాలేజీ ఎవడు రాశాడోయ్?" నాన్న ఈసారి రొప్పుతూనే గొడవ మొదలుపెట్టాడు.

"నేనే రాశాను బావా."

"నా సంతకం కింద?"

"సంతకం కింద కాదు, పైన. ఎనిమిదో గడిలో."

నాన్న బల్ల గుద్దాడు. పలుగురాయి ఎగిరిపడింది. రాళ్లు చదివితే ఏమొస్తుంది, ఉద్యోగం వచ్చే శాతమెంతో చెప్పమన్నాడు. మావయ్య నోటుపుస్తకం తీసి చాలాసేపు చూశాడు. వంతెన కాలేజీలో చదివితే యాభై ఎనిమిది, రాళ్లు చదివితే యాభై ఒకటి అన్నాడు. నాకు ఆయన పీక పట్టుకోవాలనిపించింది. ఈ ఒక్క పూటకైనా ఆ అంకెలు తారుమారు చెయ్యొచ్చుగా. నాన్న మొహం వెలిగిపోయింది.

"నువ్వే చెప్పావుగా. ఏడు శాతం తక్కువ."

"చెప్పాను. మీరు డిపోలో చేరి ఎన్నేళ్లయింది బావా?"

"ఇరవై ఆరేళ్ల నాలుగు నెలలు."

"అన్నేళ్లలో, పొద్దున లేచి, ఇవాళ డిపోకి వెళ్లాలి అని సరదాగా అనిపించిన రోజులు ఎంత శాతం?"

ఇంకెవరైనా అయితే కసురుకునేవారు. కానీ నాన్న టైమ్‌కీపరు, అంకెల దగ్గర అబద్ధమాడలేడు. బల్ల మీది పెన్సిలు తీసుకుని ఉత్తరం కవరు వెనక లెక్క మొదలుపెట్టాడు. చేరిన మొదటి ఏడాది వేశాడు. కొత్త బస్సులొచ్చిన నెల వేశాడు. వరదల్లో బస్సులన్నీ ఆగిపోతే ఆయనొక్కడే డిపోలో నిలబడి జనాన్ని ఇళ్లకి పంపిన మూడు రోజులు వేశాడు. ఒకటి కొట్టేసి మళ్లీ రాశాడు. కింద దర్జీ మిషను రెండుసార్లు ఆగి మళ్లీ నడిచింది.

"పన్నెండు" అన్నాడు చివరికి. ఆ అంకె వంక తనే కొత్తగా చూస్తున్నట్టు చూశాడు. "మరి దీనికో?" అని చెల్లి వైపు గడ్డం ఎత్తాడు.

"నన్నడుగుతారేం? దాన్నే అడగండి."

ఇరవై రెండు నిమిషాలు ఎండలో నడిపించి మావయ్య దొంగతనంగా అడిగిన ప్రశ్న, నాన్న మొదటిసారి ఎదురుగా కూర్చుని అడిగాడు. "ఎంతమ్మా?"

"వంద నాన్నా."

"వంద అనకూడదమ్మా" అన్నాడు మావయ్య, ఉండబట్టలేక. "తొంభై ఆరు."

"ఆ నాలుగూ ఏమిటోయ్?" అన్నాడు నాన్న. గొంతులో ఇందాకటి కోపం లేదు.

"వానాకాలం. కొండలెక్కితే కాలు జారుతుంది. చెప్పులు మంచివి కొనిపెట్టండి."

నాన్న గుండీలు సరిచేసుకుని, ఎర్రగోడల కాలేజీ ఉత్తరం మీద సంతకం పెట్టాడు. కింద టైము వేశాడు, నాలుగూ పది. చెల్లి డబ్బాలోంచి ఒక రాయి తీసి నాన్న చేతిలో పెట్టి, డిపో వెనకాల దొరికిందని చెప్పింది. ఇరవై ఆరేళ్లుగా దానిమీద నుంచే నడుస్తున్నానంటూ నాన్న దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు.

వాళ్లిద్దరూ ఆ రాయిలో పడ్డారు గనక నేను బీరువా తలుపు తీశాను. ఈసారి మావయ్య అడ్డుపడలేదు. దగ్గరగా చూస్తే ఒక్కో సీసాకీ చిన్న కాగితం అంటించి ఉంది, ఒక్కో మాట. బొమ్మలు. చరిత్ర. నర్సింగ్. చేపలు. వడ్రంగం. జడ్జీగారిదని మావయ్య చూపించిన సీసా మీద "తబలా" అని ఉంది. అన్నిటికంటే కొత్తదాని మీద "రాళ్లు". తండ్రులు తెచ్చిన గమ్ము, పిల్లలు చెప్పిన మాట. రెండో అరలో మాత్రం సీసాల మధ్య ఒక సీసా పట్టేంత చోటు ఖాళీగా ఉంది. అక్కడ చెక్కకే కాగితం అంటించి ఉంది. "మేనల్లుడు" అని రాసి, పక్కన గీత గీసి వదిలేశాడు. కాగితం ఐదేళ్లంత పసుపెక్కింది.

ఐదేళ్లుగా దాచుకున్న మాటల్లో ఒక్కటీ పనికొచ్చేలా లేదు. చివరికి, "ఇప్పుడు రాస్తే ఎంత ఉంటుంది?" అన్నాను.

"ఏం రాస్తావన్నదాన్ని బట్టి" అన్నాడు మావయ్య. సొరుగులోంచి ఎనిమిది గడులున్న కొత్త కాగితం తీసి, నా ముందు పెట్టి, పలుగురాయి బరువు పెట్టాడు. తరవాత నిండు బీరువాకి వీపు ఆనించి నిలబడి, నాన్న వైపు చూశాడు.

"బావా, ఏమనుకోకండి. గమ్ము అయిపోయింది."

నాన్న ఆయన్ని చూశాడు. వీపు వెనక సీసాల్ని చూశాడు. నన్ను చూశాడు. రాయి జేబులో వేసుకుని వాచీ చూసుకున్నాడు.

"ఇరవై రెండు నిమిషాలు చాలుతాయా," అన్నాడు, "నెమ్మదిగా నడవమంటావా?"